మడిచి చూద్దాం రండి: రెండు తలల గండభేరుండం



ఈ సంచికలో కథలు, పద్యాలు, మన పిల్లలు వేసిన బొమ్మలు చదివి, చూసి ఆనందించే ఉంటారు. ఈ పాఠానికి మాత్రం చదవడం ఒక్కటే చాలదు. పక్కన ఒక చదరపు కాగితం పెట్టుకోవాలి. జిగురు అక్కర్లేదు, రంగులు అక్కర్లేదు. పాఠం ముగిసేసరికి మీ చేతిలో రెండు తలల పక్షి ఒకటి ఉంటుంది. మీ నోట పాతిక దాకా తెలుగు క్రియలు ఉంటాయి. పక్షి కోసం పిల్లలు వస్తారు, క్రియల కోసం మేము వస్తాము. అదీ మా పథకం!

ఈ పాఠం ఎందుకు?

సింగపూర్ పాఠశాలల్లో మాతృభాషగా మాండరిన్, మలయ్, తమిళం నేర్పుతారు. వీటితో పాటు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ చదువుకునే వీలు కూడా ఉంది. తెలుగు ఆ జాబితాలో లేదు. అందుకే మన పిల్లలు బడిలో తమిళమో హిందీయో చదువుతారు. తెలుగుకు మిగిలేది ఇల్లు, వారాంతంలో మన తరగతి. దీనికి మార్కులు లేవు, పరీక్ష లేదు. ఇంట్లో వాడితేనే ఉంటుంది, లేకపోతే లేదు.

బుకిట్ పంజాంగ్ తరగతిలో మేము గమనించిన సంగతి ఒకటి చెబుతాము. మన పిల్లలకు తెలుగు నామవాచకాలు బాగానే వచ్చు. అన్నం, పప్పు, తాతయ్య, కుక్క, చెట్టు, ఆకాశం అన్నీ వచ్చు. జారిపోతున్నవి క్రియలు. ఇళ్లలో వినిపించే మాటలు చూడండి: "డోర్ క్లోజ్ చెయ్యి", "లైట్ ఆఫ్ చెయ్యి", "షర్ట్ ఫోల్డ్ చెయ్యి", "బాటిల్ ఓపెన్ చెయ్యి". మూయడం, ఆర్పడం, మడవడం, తెరవడం అనే నాలుగు క్రియలు ఉండవలసిన చోట "చెయ్యి" ఒక్కటే నిలబడి చాకిరీ అంతా చేస్తోంది. నామవాచకం అరువు తెచ్చుకుంటే భాషకు పెద్ద నష్టం లేదు. మనమంతా బస్సు, రైలు, పెన్ను అనే అంటున్నాము. కానీ క్రియ పోతే వాక్యానికి వెన్నెముక పోయినట్టే.

క్రియలను పట్టికలో రాసి బట్టీ పట్టించవచ్చు. వారమంతా కంప్యూటర్ల ముందు కోడు రాసుకునే మాకు ఇంకో దారి తోచింది. క్రియ చేతితో నేర్చుకోవలసినది. చేతికి పని చెబితే నోటికి మాట వస్తుంది. కాగితం మడవడంలో ఉన్నంత చేతిపని, అన్ని క్రియలు, అంత తక్కువ ఖర్చులో మరెక్కడా దొరకవు.

మడత మన ఇంటి మాటే

ఒరిగామి జపాను మాట. జపాను భాషలో "ఒరు" అంటే మడవడం, "కామి" అంటే కాగితం. కళ వాళ్లదే కానీ మడత మనకు కొత్తది కాదు.

తాపేశ్వరం మడత కాజా తినని వారుంటారా? ఆత్రేయపురం పూతరేకు కాగితమంత పలుచని పొరను మడిచినదే కదా. ఆరుబయట పడుకునే మడత మంచం, కిరాణా కొట్లో పప్పు కట్టే పొట్లం, ప్రసాదం పెట్టే ఆకు దొప్ప, అమ్మ చీర కుచ్చిళ్ళు, అన్నీ మడతలే. చెప్పిన మాటకు అడ్డంగా మరో మెలిక పెట్టేవారిని "మడతపేచీ పెడుతున్నాడు" అంటాము. వానాకాలంలో కాగితం పడవ, కాస్త పెద్దవాళ్లయితే కత్తి పడవ, మన చిన్నతనంలో అందరమూ చేసినవే.

అన్నిటికంటే ముచ్చటైనది ఇంకొకటి. తమలపాకులో వక్క, సున్నం పెట్టి మడిచి అందిస్తే దానిని "చిలక" అంటారు. భోజనాల తరువాత అమ్మమ్మలు ఆకు చిలకలు చుట్టి ఇచ్చేవారు. మడతలో పక్షిని చూడడం మనకు ముందే తెలుసన్నమాట!

పిల్లలూ, ఇక్కడ మూడు మాటల తేడా గుర్తుపెట్టుకోండి. మనం కావాలని చేసేది మడత. తాతయ్య నుదుటి మీద వయసు తెచ్చేది ముడుత. తాడుకు వేసేది ముడి.

కొండ మడత, లోయ మడత

కాగితం మడవడానికి ఉన్నవి రెండే రెండు మడతలు. మడిచిన గీత మన వైపు పైకి లేచి ఉంటే కొండ మడత. లోపలికి దిగి ఉంటే లోయ మడత. మలయ్ భాషలో బుకిట్ అంటే కొండ, పంజాంగ్ అంటే పొడవైనది. పొడవాటి కొండ దగ్గర ఉండే మన పిల్లలకు కొండ మడత వేరే చెప్పనక్కరలేదు. ఒకవైపు నుంచి కొండగా కనిపించే మడత కాగితం తిప్పితే లోయ అవుతుంది. ఒకసారి మడిచి, తిప్పి చూడండి.

జపానులో 1797లోనే కొంగలను మడిచే విధానాల మీద "సెంబాజురు ఒరికతా" అనే పుస్తకం అచ్చయింది. నేటి ఒరిగామికి పెద్దదిక్కు అకిరా యోషిజావా (1911-2005). ఆయన యువకుడిగా ఒక కర్మాగారంలో పని చేసేటప్పుడు కొత్త కార్మికులకు రేఖాగణితం నేర్పే బాధ్యత అప్పగించారట. ఆయన కాగితం మడిచి నేర్పారు. కొండకు ఒక రకం గీత, లోయకు ఇంకో రకం గీత, తిప్పడానికి బాణం గుర్తు పెట్టి, భాష రానివారు కూడా చూసి మడిచే పద్ధతిని రూపొందించినది ఆయనే.

మన వైపూ ఒక పెద్దమనిషి ఉన్నారు. టి. సుందరరావు గారు 1893లో మద్రాసులో కాగితం మడతలతో రేఖాగణితం నేర్పే పుస్తకం ఇంగ్లీషులో ప్రచురించారు. స్కేలు, వృత్తలేఖిని లేకుండా కాగితం మడిచే సమబాహు త్రిభుజం, పంచభుజి ఎలా వస్తాయో అందులో చూపించారు. చిన్నపిల్లల కిండర్‌గార్టెన్ ఆటవస్తువులు చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. ఆ పుస్తకం 1901లో అమెరికాలో, చికాగో నగరంలో మళ్లీ అచ్చయింది.

లోకంలో లేని జంతువులు

లోకంలో ఉన్న కుక్కను, పిల్లిని ఎవరైనా మడుస్తారు. లోకంలో లేని జంతువును మడిస్తేనే మజా. జపాను కళాకారుడు జున్ మాయెకావా ఒకే చదరం నుంచి కొమ్ములు, రెక్కలు, తోక, చేతివేళ్లు ఉన్న రాక్షసుడిని మడిచారు. 1981లో పుట్టిన సతోషి కామియా పొలుసులతో, మీసాలతో, గోళ్లతో సహా మహానాగం వంటి డ్రాగన్‌ను ఒకే కాగితం నుంచి తీశారు. ఎక్కడా కత్తిరించలేదు, అతికించలేదు.

సింగపూర్‌కు కూడా లోకంలో లేని జంతువు ఒకటి ఉంది. అదే మెర్‌లయన్! సింహం తల, చేప ఒళ్లు. 1964లో పర్యాటక సంస్థ చిహ్నంగా ఫ్రేజర్ బ్రన్నర్ దీనిని గీశారు. సముద్రం ఒడ్డున నీళ్లు చిమ్మే విగ్రహాన్ని శిల్పి లిమ్ నాంగ్ సెంగ్ చెక్కగా 1972 సెప్టెంబరు 15న ఆవిష్కరించారు. దాని ఎత్తు 8.6 మీటర్లు. సింహపురం అనే ఊరి పేరుకు సింహం, సముద్రపు పల్లెకు చేప. రెండూ కలిపితే ఊరి కథ అయింది.

మనవాళ్లు ఈ పని ఎప్పుడో చేశారు. మనిషి, సింహం కలిస్తే నరసింహుడు. సింహం ఒంటికి ఏనుగు తొండం తగిలిస్తే యాళి. హంపీ విఠ్ఠలాలయం స్తంభాల మీద యాళులు ముందుకాళ్లు ఎత్తి నిలబడి ఉంటాయి. ఓరుగల్లు కాకతీయ తోరణం మీద హంసలు, మకరాలు ఉన్నాయి. మకరమంటే మొసలి, ఏనుగు, చేప కలగలిసిన జంతువు.

ఇక నేటి మన కథానాయకుడు గండభేరుండం. ఒకే ఒళ్లు, రెండు తలలు, ఒక తల ఇటు చూస్తే ఇంకొకటి అటు చూస్తుంది. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయలు (పాలన 1529-1542) బంగారు నాణేల మీద ఈ పక్షి ముక్కులతో, గోళ్లతో ఏనుగులను పట్టుకుని ఎగురుతూ ఉంటుంది. ఇప్పుడు కర్ణాటక రాష్ట్ర చిహ్నంలో ఉన్నదీ ఇదే.

పంచతంత్రంలో దీనికి చుట్టమైన భారుండ పక్షి కథ ఉంది. ఆ పక్షికి తలలు రెండు, కడుపు ఒకటే. ఒకనాడు ఒక తలకు అమృతం లాంటి పండు దొరికింది. రెండో తల "నాకూ కాస్త పెట్టవా?" అని అడిగింది. "ఎవరు తిన్నా చేరేది ఒకే కడుపులోకి కదా, నీకెందుకు?" అని మొదటి తల మొత్తం తినేసింది. రెండో తల అలిగింది. మరోనాడు దానికి విషపు పండు దొరికింది. "నువ్వు నాకు పెట్టలేదు కదా, చూడు!" అని అది విషం మింగింది. చచ్చిపోయింది ఒక్క తల కాదు, పక్షి!

ఇక మడవండి!

కావలసినవి: ఒకవైపు రంగు, ఒకవైపు తెలుపు ఉన్న 15 సెంటీమీటర్ల చదరపు కాగితం. అది లేకపోతే ఏ4 కాగితంలోంచి 21 సెంటీమీటర్ల చదరం కత్తిరించుకోండి. కత్తెర పని అంతటితో సరి.

1. రంగు వైపు పైకి పెట్టండి. ఒక మూలను ఎదుటి మూలకు ఆనించి, మడిచి, గోటితో నొక్కి గీసి, విప్పండి. రెండో జత మూలలకూ అలాగే చేయండి.

2. కాగితం తిరగేయండి. ఇప్పుడు తెలుపు పైకి వచ్చింది. అడ్డంగా సగానికి మడిచి విప్పండి. నిలువుగా సగానికి మడిచి విప్పండి.

3. నాలుగు మూలలనూ ఎత్తి ఒకచోటికి చేర్చండి. గీతలే దారి చూపిస్తాయి. చదును చేస్తే చిన్న చదరం వస్తుంది. దీనికి "చదరపు పునాది" అని పేరు పెట్టుకున్నాము. విడివడే మూలలు మీ వైపు ఉండేలా పెట్టుకోండి.

4. పై పొర మాత్రమే తీసుకోండి. కింది రెండు అంచులనూ నడిమి గీతకు ఆనించి మడవండి. పైన మిగిలిన త్రిభుజాన్ని కిందికి వంచి గట్టిగా నొక్కండి. ఈ మూడు మడతలూ విప్పేయండి. గీతలు మిగిలాయి కదా? చాలు.

5. పై పొర కింది మూలను పట్టుకుని నెమ్మదిగా పైకి లేపండి. పైన నొక్కిన అడ్డగీత దాకా తెరుచుకుంటుంది. పక్క అంచులు వాటంతట అవే లోపలికి వస్తాయి. వాటిని సర్ది చదును చేయండి. పువ్వు రేకు విచ్చినట్టు ఉంటుంది కనుక ఇది "రేకు మడత". పాఠమంతటిలో కష్టమైనది ఇదొక్కటే. మొదటిసారి రాకపోతే విప్పి మళ్లీ లేపండి. కాగితం కోపగించుకోదు.

6. బోర్లించి, వెనుక వైపు కూడా 4, 5 మెట్లు చేయండి. ఇప్పుడు చేతిలో ఉన్నది "పక్షి పునాది". కింద రెండు సన్నని కాళ్లలాగా చీలి ఉంటుంది. పైన రెండు వెడల్పు రెక్కలు, వాటి నడుమ చిన్న త్రిభుజం దాగి ఉంటాయి.

7. కింది సన్నని భాగాల అంచులను నడిమి గీతకు ఆనించి మరింత సన్నగా మడవండి. తిరగేసి వెనుకా అలాగే చేయండి.

8. ఒక సన్నని కొనను పట్టుకుని రెండు పొరల మధ్యకు దూర్చి, పక్కకు, పైకి లాగి నొక్కండి. ఇది "లోమడత". రెండో కొననూ అలాగే అటువైపు లాగండి. రెండు మెడలు సిద్ధం.

9. జపాను కొంగకు ఒక కొన తల అవుతుంది, రెండోది తోకగా మిగిలిపోతుంది. మనం తోకను కూడా తల చేస్తాము! రెండు మెడల చివరలనూ మళ్లీ లోమడతతో కిందికి వంచండి. ఒక ముక్కు ఇటు, ఒక ముక్కు అటు చూడాలి.

10. రెక్కలను దించి, కొంచెం విడదీసి, కింద ఉన్న చిన్న సందులోంచి ఊదండి. ఒళ్లు ఉబ్బుతుంది. గండభేరుండం నిలబడింది!

ఇలా ఎందుకు వచ్చింది?

చదరానికి మూలలు నాలుగు. ఒక్కో మూల ఒక్కో అవయవం అయింది. ఎదురెదురు మూలలు రెండు తలలు, మిగిలిన రెండు మూలలు రెక్కలు. కాగితం నడిబొడ్డు మాత్రం వీపు మీద చిన్న త్రిభుజంగా మిగిలింది. అందుకే మన పక్షికి తోక లేదు, కాళ్లు లేవు. వాటికి మూలలు మిగలలేదు!

రాబర్ట్ లాంగ్ అనే భౌతిక శాస్త్రవేత్త నాసా వారి జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో పని చేసినవారు. తరువాత పూర్తిగా ఒరిగామికే అంకితమయ్యారు. ఏ అవయవానికి ఎంత కాగితం కావాలో లెక్క కట్టే కంప్యూటర్ ప్రోగ్రాం రాశారు. ఆ లెక్కకు మూలం తేలికైన సూత్రమే. మూలలో పుట్టే అవయవానికి పావు వృత్తం కాగితం చాలు. అంచు మధ్యలో పుడితే అర వృత్తం, కాగితం నడుమ పుడితే పూర్తి వృత్తం కావాలి. వృత్తాలు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. 15 సెంటీమీటర్ల కాగితంలో మూలకొక పావు వృత్తం గీస్తే ఒక్కొక్కదాని వ్యాసార్థం 7.5 సెంటీమీటర్లు. పక్షి పునాదిలో రెక్క కొన నుంచి అది మడిచిన అడ్డగీత దాకా స్కేలు పెట్టి కొలవండి, అంతే వస్తుంది.

ఇప్పుడు యాళిని ఆలోచించండి. నాలుగు కాళ్లు, తొండం, తోక కలిపి ఆరు. మూలలు నాలుగే. మిగతా రెండూ అంచుల నుంచి తేవాలి, కాగితం ఎక్కువ ఖర్చవుతుంది, ఒళ్లు చిన్నదవుతుంది. అందుకే యాళి పెద్ద తరగతుల పని.

ఇంకో వింత ఉంది. 3వ మెట్టులో ఆగి, చదరపు పునాది మూసి ఉన్న కొన దగ్గర, రంగు వైపు నుంచి చూస్తూ మడతలు లెక్కపెట్టండి. బయటి అంచుల్లో కొండలు నాలుగు, లోపలికి దూరిన లోయలు రెండు. నాలుగులోంచి రెండు తీసేస్తే రెండు. చదునుగా మడిచిన కాగితంలో, అంచుకు తగలకుండా లోపల మడతలు కలిసే ఏ బిందువు దగ్గరైనా కొండలకూ లోయలకూ తేడా సరిగ్గా రెండే ఉంటుంది. రాక్షసుడిని మడిచిన మాయెకావా పేరే ఈ సూత్రానికి పెట్టారు.

ఇందులో ఉన్న వ్యాకరణం

"మడిచి, గీసి, విప్పండి." ఈ వాక్యంలో మూడు పనులున్నా పూర్తయిన క్రియ చివర ఒక్కటే. ముందున్నవి క్త్వార్థకాలు. మన భాష ఇలాగే నడుస్తుంది. పనులన్నీ వరుసగా పేర్చి చివర ఒక్క ముడి వేస్తుంది. ప్రోగ్రాంలో మెట్లు తారుమారైతే పని చెడినట్టే, "విప్పి మడిచి" అంటే ఒకటి, "మడిచి విప్పి" అంటే ఇంకొకటి.

మడిచి – క్త్వార్థకం (ఒక పని అయ్యాక ఇంకొకటి)
మడుస్తూ – శత్రర్థకం (ఒక పని జరుగుతుండగా ఇంకొకటి)
మడిస్తే – చేదర్థకం (ఇది జరిగితే అది)
మడిచినా – అప్యర్థకం (ఇది జరిగినా అది మారదు)
మడవకుండా – వ్యతిరేక క్త్వార్థకం (ఇది చేయక అది)

తల్లిదండ్రులకు మనవి

ఈ పక్షిని మీరు మడిచి చూపించకండి. మెట్లు చదివి వినిపించండి, పిల్లలు మడుస్తారు. "ఆనించు", "దూర్చు", "బోర్లించు" అన్నప్పుడు ఒక్క క్షణం ఆగుతారు. ఆగనివ్వండి. వెంటనే ఇంగ్లీషు మాట అందించకండి. చేతులు వెతుక్కుంటాయి, మాట దొరుకుతుంది.

తరువాత వారం పాత్రలు మార్చండి. ఊళ్లో ఉన్న తాతయ్యకో అమ్మమ్మకో ఫోను చేసి, బొమ్మ చూపించకుండా, పిల్లల చేత మెట్లు తెలుగులో చెప్పించండి. అక్కడ వాళ్లు పాత క్యాలెండరు కాగితంతో మడుస్తారు. అక్కడ పక్షి నిలబడితే ఇక్కడ తెలుగు సరిగ్గా చెప్పినట్టే. ఇంతకంటే మంచి పరీక్ష మాకు తెలియదు. ఎనభై ఏళ్ల పెద్దాయన "అమ్మా, దేనిని దేనికి ఆనించాలి, మళ్లీ చెప్పు" అని అడుగుతుంటే, ఎనిమిదేళ్ల పాప జవాబు చెప్పగలగాలి. "స్కూల్ ఎలా ఉంది, అన్నం తిన్నావా" అనే రెండు ప్రశ్నలు దాటి వాళ్లిద్దరి మధ్య మాట సాగాలి. ఈ తరగతులన్నీ దానికోసమే.

ఇంగ్లీషు మన పిల్లలకు కావాలి, అది ఒక తల. దానికి బడి, టీవీ, స్నేహితులు అందరూ పెడుతూనే ఉన్నారు. రెండో తలకు పెట్టవలసినది మనమే. భారుండ పక్షి కథ పిల్లలకు చెప్పేటప్పుడు మనమూ ఒకసారి విందాము.

అభ్యాసాలు

1. ఈ పాఠంలో "చేయు" కాకుండా ఉన్న క్రియలు ఎన్ని దొరికాయి? పదిహేను దాటితే మంచిది, ఇరవై దాటితే శభాష్!

2. "షర్ట్ ఫోల్డ్ చేసి కబోర్డ్ ఓపెన్ చేసి లోపల కీప్ చెయ్యి." ఈ వాక్యాన్ని "చేయు" లేకుండా తిరగరాయండి.

3. మడత, ముడుత, ముడి, కుచ్చిళ్ళు, పొట్లం – ఒక్కొక్కదానితో సొంత వాక్యం రాయండి.

4. మెర్‌లయన్‌ను మడవాలంటే ఎన్ని మూలలు కావాలి? సింహం తలకు ఒకటి, చేప తోకకు ఒకటి. మిగిలిన రెండు మూలలతో ఏం చేస్తారు?

5. పెద్దలను అడిగి, వాళ్ల చిన్నతనంలో కాగితంతో, ఆకులతో ఏమేమి మడిచేవారో రాసుకు రండి. వాటిలో ఒకటి వాళ్ల చేతనే నేర్చుకుని, వచ్చే తరగతిలో మాకు నేర్పండి.